వెన్ను చూపిన శనివారం

మా ముత్తవ్వ కొన్న వాటా ఒకే ఒక్కటి.
నంబరు నాలుగు వందల పదిహేడు.
హెర్రింగ్ చేపల పొట్టలు చీల్చి, పేగులు లాగి,
ఉప్పుకి మండే వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని
ఆర్డ్‌క్రెయిగ్ రేవు ఆడవాళ్ళు
వారం వారం కూలి పోగేసి కొన్న మైదానం ఇది.
మొగుళ్ళు సముద్రం మీద ఉన్నారు.
వాళ్ళనడిగి కొనలేదు.

ఆ కాగితం ఇప్పుడు లాండ్రీ గదిలో,
మిషన్ పైన మేకుకి.
ఆవిరికి అద్దం వెనక ఉబ్బిపోయి
ఎల్స్‌పెత్ అన్న పేరులో చివరి అక్షరం అలుక్కుపోయింది.
దాని కింద నిలబడి ఇరవై రెండేళ్ళుగా
పదకొండు మంది బురద ఉతుకుతున్నాను.
మూడు నెలలుగా జీతం లేదు.
వచ్చే శుక్రవారం, అంటాడు మేనేజరు మర్డో.
మరి నీ జీతమో అంటే
వంగి బూటు లేసు కట్టుకుంటాడు.

డిసెంబరులో వాటాదారుల సమావేశం.
చర్చి హాలు, మడత కుర్చీలు, చల్లారిన టీ.
యజమాని రాలేదు. లాయరు వచ్చాడు,
అంత వానలోనూ తడవని బూట్లతో.
లెక్కలు చదివాడు.
స్టాండు తాకట్టులో ఉంది.
తాకట్టు పట్టిన కంపెనీ కూడా యజమానిదే.
ఇచ్చిన చెయ్యీ పుచ్చుకున్న చెయ్యీ
ఒకే కోటు జేబుల్లో ఉన్నాయి.
వడ్డీ మాత్రం మాది.

ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి, అన్నాడు.
ఎత్తాం. రెండు వందల ఆరు.
పిండి మరకతో బేకరీ లాక్లన్ చెయ్యి,
పడవ తాడు రెండు వేళ్ళు తీసుకుపోయిన చెయ్యి ఒకటి,
చంటిపిల్ల గుప్పిట్లోంచి విడిపించుకున్న చెయ్యి ఒకటి.
లాయరు ఒక కాగితం ఎత్తాడు.
దాంట్లో ఎనభై ఒక్క వేల చేతులున్నాయట.
ఒక్కటీ వెచ్చగా లేదు.
తీర్మానం నెగ్గింది.
చేతులెత్తడానికీ చేతులెత్తేయడానికీ
తేడా ఒక్క అక్షరమేనని
ఇంటికెళ్ళే దారిలో ఎవరూ అనలేదు.

అందుకే శనివారం.
క్లబ్బు పుట్టింది పందొమ్మిదో సంవత్సరంలో గనక
పందొమ్మిదో నిమిషం.
బస్సు డ్రైవరు కూతురు గ్రీర్ కంచె ఎక్కి చెయ్యి ఊపింది.
అందరం లేచి మైదానానికి వీపు తిప్పాం.
వెన్ను చూపినవాణ్ణి పిరికివాడంటారు.
మేం పారిపోలేదు. అక్కడే నిలబడ్డాం.
ఎదురుగా తుప్పు రేకులు,
మూసిన టికెట్ కిటికీ, దాని వెనక సముద్రం.

అప్పుడు వినిపించింది.
వల చప్పుడు.
తడి దుప్పటి ఒక్కసారి దులిపినట్టు.
నవంబరు నుంచీ మాకు ఒక్క గోలూ లేదు.
ఎవరూ తిరగలేదు.
లాక్లన్ మెడ మీద నరం తాడులా లేచింది.
తండ్రి భుజాల మీదున్న పిల్లాడొక్కడు తల తిప్పి
నాన్నా, వాడు మన దగ్గరికే వస్తున్నాడు, అన్నాడు.
తండ్రి వాడి కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు,
అంతే.

సోమవారం.
మిషన్ మీద కోర్టువాళ్ళు అంటించిన చీటీ:
వాడుకోవచ్చు, కదపరాదు.
మూటలోంచి తొమ్మిదో నంబరు చొక్కా తీశాను.
మెడ నుంచి బొడ్డు దాకా
బురదా పచ్చిగడ్డి రసమూ కలిసిన ఒకే చార.
బొక్కబోర్లా జారుకుంటూ వచ్చాడన్నమాట,
చేతులు చాచి,
మా వైపు,
మా వీపుల వైపు.
పందొమ్మిదేళ్ళ కుర్రాడు.
పెద్ద క్లబ్బు మే నెల దాకా అప్పిచ్చిన వాడు.
మా దగ్గర ఉన్నవాటిలో
అప్పు కానిది ఏముంది గనక.

ఉతక్క తప్పదు. బుధవారం ఆట,
తొమ్మిదో నంబరుకి ఇదొక్కటే చొక్కా.
గడ్డి మరకకి చన్నీళ్ళే వాడాలి.
వేడినీళ్ళు తగిలితే
నూలు దాన్ని వదలదు, ఎప్పటికీ.
ఈ పనిలో మొదటిరోజు నేర్పేది అదే.

వేడినీళ్ళే పోశాను.